ఇసుక కింది గోడ

హగరి ఏరు మా ఊరి పక్కన పావు మైలు వెడల్పు. ఏడాదికి పది పదిహేను రోజులు తప్ప అందులో నీళ్లు కనబడవు. మిగతా రోజులన్నీ ఇసుకే. కొత్తవాళ్లు ఒడ్డున నిలబడి ఏరు ఎక్కడ అని అడిగితే వాళ్ల కాళ్ల కింద చూపిస్తాం. ఎగతాళి చేస్తున్నామనుకుంటారు.

ఏరు నిజంగా కిందనే నడుస్తుంది. ఇసుకలో గుంత తవ్వితే నీళ్లు ఊరతాయి. ఆ గుంతను చెలమ అంటాం. నా చిన్నతనంలో మోచేతి లోతుకే ఊరేవి. రెండు వేల మూడో సంవత్సరం వేసవికి, వరసగా మూడో కరువులో, మనిషి నిలువు తవ్వినా బిందె నిండడానికి ఆడవాళ్లు పూటంతా చెలమలో కూర్చోవలసి వచ్చింది.

మా ఊరు ఎల్లమాగి, కర్నూలు జిల్లా పడమటి అంచున ఉంది. ఎదురు ఒడ్డున బేవినాళు. అది కర్ణాటక. అక్కడ సగం మాటలు తెలుగు, ఇక్కడ సగం మాటలు కన్నడం. తాగేది ఒకే ఏరు. అయినా పన్నెండేళ్లుగా రెండు ఊళ్లకూ మాటలు లేవు. ఊటకాలువ పూడిక తీసేటప్పుడు నీళ్ల వంతు దగ్గర గొడవపడి పారలతో కొట్టుకున్నారు. మా చిన్న ఈరన్నకు కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. బేవినాళు బసవన్నకు ఎడమ కన్ను పోయింది. ఆ తర్వాత ఇద్దరూ వాళ్ల వాళ్ల ఊళ్లలో పెద్దమనుషులయ్యారు.

నేను పెద్దమనిషిని కాను. మిద్దెలు వేస్తాను. మా వైపు ఇళ్లన్నీ మట్టి మిద్దెలు. దూలాల మీద కట్టెలు పేర్చి, ఆకు పరిచి, మన్ను వేసి, అన్నిటికంటే పైన చౌడు వేస్తారు. చౌడంటే పైరు మొలవని తెల్లటి ఉప్పునేల మన్ను. దాన్ని ఎంత మందం పోయాలి, ఎటు వాలు పెట్టాలి, ఎప్పుడు తడపాలి అన్నది నా పని. నేను చౌడు వేసిన మిద్దె ఒక్కటి కూడా కారలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. అప్పట్లో అందరూ అనే మాట అది. ఆ మాటే ఈ కథకు కారణం.

ఆ ఏడు ఉగాది దాటాక ధనుంజయ అనే ఇంజనీరు కర్నూలు నుంచి వచ్చాడు. సన్నటి మనిషి, ఎండకు తలమీద తడిగుడ్డ వేసుకుని రెండు ఒడ్లూ తిరిగాడు. గుండ్లమెడ దగ్గర ఏరు సన్నబడుతుంది. రెండు వైపులా రాతిగుండ్లు దగ్గరికి వచ్చి, నూట ఇరవై గజాలే ఉంటుంది. అక్కడ అడ్డంగా రాతిపడక తగిలేదాకా ఇసుక తవ్వి, బంకమన్నుతో గోడ పెట్టి, మళ్లీ ఇసుకతో కప్పేయమన్నాడు. దిగువకు పోయే నీళ్లు గోడకు ఆనుకుని నిలబడితే ఎగువనున్న ఇసుకంతా నానుతుందని చెప్పాడు.

"గోడ పైకి కనబడదా?" అన్నాడు చిన్న ఈరన్న.

"కనబడదు."

"కనబడని గోడకు పేరెట్ల పెడతారు సార్?"

జనం నవ్వారు. ధనుంజయ కూడా నవ్వి, "పేరు సంగతి తర్వాత. రెండు ఒడ్లూ కలిస్తేనే ఈ పని. ఒక ఒడ్డు నుంచి సగం కడితే నీళ్లు మిగతా సగంలోంచి పోతాయి," అన్నాడు.

దాంతో నవ్వులు ఆగిపోయాయి.

కలవడానికి ఇరవై రోజులు పట్టింది. చివరికి గుండ్లమెడ దగ్గర, ఏటి మధ్య ఇసుకలో, పొద్దున పూట, రెండు ఊళ్లూ ఎదురెదురుగా కూర్చున్నాయి. మధ్యలో పది గజాల ఖాళీ వదిలారు. బసవన్న లేచి వచ్చి ఆ ఖాళీలో మోకాలెత్తు రాయి పాతాడు.

"ఈడి నుంచి అటు మీది. ఈడి నుంచి ఇటు మాది. మీ సగం మీరు తవ్వండి, మా సగం మేం తవ్వుతాం. ఎవురి మన్ను వాళ్లదే."

"ఎవురి మన్ను వాళ్లదే," అన్నాడు ఈరన్న.

ఆ రోజు ఒప్పందం అంతే. మాకు అదే పెద్ద విషయం.

కరువు పనుల బియ్యం రెండు వైపులా వస్తోంది. జనం పనిలోకి దిగారు. పొద్దు పొడవకముందే వచ్చి, ఎండ ముదిరాక ఒడ్డెక్కి, మళ్లీ చల్లబడ్డాక దిగేవాళ్లం. ఇసుక నిలవదు. ఒక గంప తీస్తే పక్క నుంచి గంపన్నర జారుతుంది. అందుకని ఊరే నీళ్లు ఇంజన్లతో తోడేస్తూ, వెడల్పుగా తవ్వుకుంటూ, మెట్లు మెట్లుగా దిగాం.

నేను నలభై ఎనిమిదేళ్లు ఆ ఏటి పక్కన బతికాను. అందులో ఏముందో అప్పుడు చూశాను. పైన నాలుగు అడుగులు తెల్లటి ఇసుక. దాని కింద వేలెడు మందాన నల్లటి చార. పట్టుకుంటే కుళ్లిన ఆకు. ఎప్పటి వరదో తెచ్చి పరిచింది. దాని కింద ఎర్రటి గరుసు. మళ్లీ ఒక చార, ఈసారి నత్తగుల్లలు, గోరంతవి, లక్షల్లో, ఒకదాని మీద ఒకటి. ఇలా పొరలు పొరలుగా, నేను మిద్దె మీద వేసినట్టు, ఎవరో ఓపికగా వేసుకుంటూ వచ్చినట్టుంది. ప్రతి పొరా ఒక ఏరే. అన్ని ఏర్లు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటే మేం పైదాన్ని మాత్రమే చూస్తూ వచ్చాం.

పద్దెనిమిది అడుగుల దగ్గర పార ఠంగుమంది.

ఇసుక తీసేసరికి నల్లటి రాతిపడక బయటపడింది. అద్దంలా నున్నగా ఉంది. దానిలో రోళ్లలాంటి గుంతలు. ఒక్కొక్కదాని అడుగున ఒక్కొక్క గుండ్రటి రాయి. నీళ్లలో ఆ రాయి తిరిగి తిరిగి ఆ రోలు తొలిచింది. ఎన్నేళ్లు తిరిగి ఉంటుందో. తవ్వకంలో ఉన్నవాళ్లందరూ పారలు కింద పెట్టేశారు. ఎవరూ చెప్పలేదు. చెప్పులున్నవాళ్లు విప్పారు.

మా మేనత్త గిడ్డమ్మను కిందికి దింపారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, ఊరికి నీళ్ల మంచీచెడ్డా చెప్పేది ఆమే. ఏ చెలమ నీళ్లు పప్పు ఉడకడానికి పనికొస్తాయో, ఏవి పసిపిల్లలకు పోయాలో నాలుక మీద వేసుకుని చెప్పేది. ఆమె రాతి మీద కూర్చుని, పసుపు చల్లి, చిటికెడు కుంకుమ నీళ్లలో వేసింది. రాతి మీద నీళ్లు అరచేతి మందం కూడా లేవు. కదులుతున్నట్టు కనబడలేదు.

కుంకుమ కాసేపు ఉన్నచోటే ఉంది. తర్వాత నెమ్మదిగా సాగింది. ఎర్రటి దారంలా, ఉత్తరానికి, దిగువకు, రాతిని అంటుకుని పోయింది.

"నడుస్తాండాదిరా," అంది గిడ్డమ్మత్త. "మూడేండ్లుగా వాన ల్యా. మనం సచ్చిపోయిందనుకుంటిమి. సూడు, నడుస్తానే ఉండాది."

హద్దురాయికి అటు వైపు నుంచి బేవినాళు వాళ్లు కూడా వంగి ఆ దారం చూశారు. బసవన్న తన ఒక్క కన్ను తుడుచుకున్నాడు. ఈరన్న అది చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

గోడ పెట్టే వేళ వచ్చింది. చెరువు అడుగున ఉండే నల్లటి బంకమన్ను వేయమని ధనుంజయ చెప్పి వెళ్లాడు. బేవినాళుకు చెరువుంది. మాకు లేదు. రాయి దగ్గరికి వచ్చి బసవన్నే అన్నాడు, "మీకు లేకుంటే మా చెరువు మన్ను తోలుకోండప్పా. ఎండిపోయే ఉండాది."

ఈరన్న వెంటనే, "ఎవురి మన్ను వాళ్లదే అని నువ్వే కదన్నా చెప్పింది?" అన్నాడు. తర్వాత మా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "వాళ్ల మన్ను పోసుకుంటే రేపు గోడంతా మాదే అంటారు. మనకు మన్నే ల్యాదా? ఏం రంగస్వామీ?"

అందరూ నావైపు చూశారు. అంతమంది నన్ను ఒక్కసారి చూడడం అదే మొదలు.

"చౌడు," అన్నాను.

అంతకంటే నేను ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది. మిద్దె మీద వాన ఆపే మన్ను ఏటిలో నీళ్లు ఆపదా? ఊరంతా సరేనంది. ఇంజనీరు చెప్పింది వేరే కదా అని ఒక్కరూ అనలేదు, నేను కూడా అనుకోలేదు. నా చెయ్యి మీద నాకు అంత నమ్మకం. చౌడునేల నుంచి బండ్లతో తోలించి, మిద్దెకు వేసినట్టే జానెడు జానెడు పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టించి, మా సగం గోడ లేపాను. ఇసుక మట్టానికి ఒక అడుగు కిందనే తల ఆపాం. ఏరు నిండితే మిగిలింది దిగువ ఊళ్లకు పోవాలని. రెండు సగాలు హద్దురాయి సూటికి వచ్చి కలిశాయి. ఇసుక కప్పేశాం. ఒక్క నాలుగు రోజుల్లో గాలి ఆ గుర్తులు కూడా చెరిపేసింది.

జూన్ నెలలో గోడకు పైన, ఎగువ చెలమల్లో నీళ్లు లేచాయి. మొదట జానెడు, తర్వాత మూరెడు. జనం చెలమల చుట్టూ చేరి ఊరికే చూసేవాళ్లు.

గోడకు కింద, దిగువన మాత్రం వేరేగా ఉంది. గోడ నీళ్లు ఆపితే దాని కింది చెలమలు ఎండిపోవాలి. బేవినాళు వైపు అలాగే ఎండిపోయాయి. మా వైపు ఎండలేదు. గిడ్డమ్మత్త ముప్పై ఏళ్లుగా తవ్వుకునే చెలమ గోడకు నలభై అడుగుల దిగువన ఉంది. అది ముందుకంటే నిండుగా ఉంది.

ఈరన్న సంబరం చెప్పనలవి కాదు. రాయి దాకా పోయి గట్టిగా అరిచాడు. "చూసినారా! పైనా మాకే, కిందా మాకే! గంగమ్మ ఏ ఒడ్డు మనిషో తెలిసిపోయె!"

మా ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. సాయంత్రం గిడ్డమ్మత్త ఒక చెంబుతో ఇంటికి వచ్చింది. ఆ చెలమ నీళ్లు నా చేతిలో పోసింది.

"రుద్దు."

రుద్దాను. చేతులు జారుతున్నాయి. సబ్బుతో కడిగినట్టు.

"తాగు."

తాగాను. చేదు.

"ఇది తాగే నీళ్లు కాదురా రంగా," అంది. "చిన్నప్పుడు మా అమ్మ చౌడు నీళ్లతో గుడ్డలుతికేది. మురికి ఎట్ల పోతాండె! ఇవి ఆ నీళ్లే."

చెంబు అక్కడే పెట్టి వెళ్లిపోయింది. నా తప్పు అని అనలేదు. అని ఉంటే బాగుండేది.

మా ఆవిడ మహాదేవి వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. నేను ఇంటి వెనక కుప్ప నుంచి గుప్పెడు చౌడు, పక్క పొలం నుంచి గుప్పెడు నల్లమన్ను తెచ్చి రెండు ముద్దలు చేశాను. రెండు మూకుళ్లలో నీళ్లు పోసి ఒక్కొక్కదానిలో ఒక్కొక్క ముద్ద పెట్టాను.

"ఏం చేస్తాండావు?"

నేను మూకుళ్లు గోడవారకు జరిపాను.

"నీతో మాట్లాడేదానికంటే గాటికాడి ఎద్దుతో మాట్లాడేది మేలు. అదైతే తలన్నా ఊపుతాది."

తెల్లారి చూసేసరికి నల్లముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. చౌడు ముద్ద లేదు. మూకుడంతా పాలలా తెల్లగా అయింది. మహాదేవి కూడా చూసింది.

మిద్దె మీద వాన నిలబడదు. వాలులో జారిపోతుంది. మరునాడు ఎండ కాస్తుంది, చౌడు మళ్లీ గట్టిపడుతుంది. ఏటిలో నీళ్లు జారిపోవు, రాత్రీ పగలూ ఆనుకుని నిలబడతాయి. ఎండ తగలదు. ముప్పై ఏళ్లు చౌడు వేసినవాడిని, ఈ చిన్న తేడా నాకు తట్టలేదు. ఊరు సంబరపడుతున్న ఆ నిండు చెలమ నా గోడ కరిగి కారుతున్న నీళ్లు. పైన వాన పడి వరద వస్తే ఆ బరువుకు మా సగం పోతుంది. మా సగం పోతే బేవినాళు సగం ఉండీ లేనట్టే. రెండు ఊళ్లు పన్నెండేళ్ల తర్వాత చేసిన మొదటి పని నా ఒక్క మాటతో పోతుంది. ఆ తర్వాత మళ్లీ ఎవరూ ఆ రాయి దగ్గరికి రారు.

"ఈరన్నకు చెప్తావా?" అంది మహాదేవి.

"ముందు బసవన్నకు."

"ఆ ఒంటికన్నాయనకా? నువ్వా? నోరు తెరిచి?" అంది. తర్వాత లోపలికి పోయి ఉతికిన పంచె తెచ్చి ఇచ్చింది.

ఏరు దాటాను. రాయి దాటినప్పుడు కాలు కొంచెం తడబడింది. పన్నెండేళ్ల అలవాటు. బేవినాళు కుక్కలు నన్ను ఎరగవు, ఒడ్డు నుంచి బసవన్న ఇంటిదాకా మొరుగుతూ వెంట వచ్చాయి. బసవన్న అరుగు మీద కూర్చుని నాగలికి కర్ర చెక్కుతున్నాడు.

"ఏనప్పా మిద్దెల రంగస్వామీ," అన్నాడు. "ఈ ఒడ్డున నీకేం పని? మా మిద్దెలు కారతాండాయని ఎవురన్నా చెప్పినారా?"

తెచ్చిన మూకుడు అతని ముందు పెట్టాను. తెల్లటి నీళ్లు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా జీవితంలో ఒక్క దమ్ముకు అన్ని మాటలు మాట్లాడడం అదే.

బసవన్న మూకుడులో వేలు పెట్టి రుద్ది చూశాడు. "మీ ఊర్లో చెప్పినావా?"

"ల్యా. ముందు నీకే."

"ఏంటికి?"

"నా సగం పోతే నీ సగం కూడా పోతాది."

అతను కత్తి పక్కన పెట్టాడు. ఏటివైపు చూశాడు. ఒక కన్నుతో చూసేవాళ్లు తల కొంచెం పక్కకు తిప్పి చూస్తారు. తిడతాడనుకున్నాను. చుట్టూ చేరినవాళ్లలో ఒకరిద్దరు మొదలుపెట్టారు కూడా. "ఆ పొద్దే మన మన్ను తీసుకోండని చెప్తే గర్వం అడ్డమొచ్చె," అన్నారు. బసవన్న చెయ్యి ఎత్తి ఆపాడు.

"నేనే కదప్పా రాయి పాతింది," అన్నాడు. "ఎవురి మన్ను వాళ్లదే అంటిని. నీళ్లు ఆ మాట ఇనలా."

లేచి తలపాగా చుట్టుకున్నాడు. "వాన ఎప్పుడొస్తాదో. పైన గాలి మారె. బండ్లు కట్టమను. పా."

మా ఊళ్లో ఈరన్న నన్ను అన్నన్ని మాటలు ఇక్కడ రాయలేను. "నా నోటితో గంగమ్మ మనదే అనిపించి, ఇప్పుడు కారిపోయిందంటావా? వాళ్ల ముందు నా తల యాడ పెట్టుకునేది?" అన్నాడు. గిడ్డమ్మత్త అతని చేతికి ఆ చెంబు ఇచ్చింది. "తాగు ఈరన్నా. తాగి, మళ్లా అరువు." ఒక గుక్క తాగి ఉమ్మేశాడు. పార తీసుకుని ఇంట్లోంచి బయటికి వచ్చాడు.

ఆ మధ్యాహ్నం బేవినాళు బండ్లు, రెండు ట్రాక్టర్లు, నల్లమన్నుతో ఏటిలోకి దిగాయి. దారికి రాయి అడ్డం వచ్చింది. ఎవరు తీశారో నాకు తెలియదు. సాయంత్రానికి అది అక్కడ లేదు.

ఈసారి తవ్వేవాళ్లలో ఎవరు ఏ ఊరో చూడలేదు. మా సగంలోనే అందరూ దిగారు. పై నీళ్లు ఇంజన్లతో తోడుతూ, ఒక్కొక్క ముక్క తవ్వుకుంటూ పోయాం. మూడో రోజు అది కనబడింది. గోడ అడుగున, రాతికి జానెడు పైన, ఒక కంత. నా ముంజేయి పట్టేంత. గోడకు ఇటు నుంచి అటు దాకా, గుండ్రంగా, లోపల నున్నగా. ఉలితో తొలిచినా అంత చక్కగా రాదు. ఇరవై రోజుల్లో ఏరు చేసుకుంది అది. దాని గుండా నీళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. నేను చెయ్యి పెట్టాను. చల్లగా, మెత్తగా నా చేతిని దాటుకుని పోయాయి. నా మీద కోపం ఉన్నట్టు లేదు. నేను అడ్డంగా ఉన్నట్టు కూడా వాటికి తెలిసినట్టు లేదు.

ధనుంజయ కబురు అందుకుని వచ్చాడు. కంతను చూసి నా పక్కన కూర్చున్నాడు. "పుస్తకంలో చదివాను. చూడడం ఇదే," అన్నాడు. తిట్టలేదు.

తొమ్మిదో రోజు పొద్దున తీతువు పిట్టల జంట ఒకటి ఇసుకలోంచి మూడు పిల్లలను నడిపించుకుంటూ ఒడ్డెక్కడం చూశాను. వాటి గూడు ఎప్పుడూ ఏటి నడుమే. ఇదేందబ్బా అనుకున్నాను కానీ పనిలో పడి మరిచిపోయాను. ఇంకా ఆరు గజాల గోడ నడుమెత్తు దగ్గరే ఉంది.

పది గంటలకు బేవినాళు నుంచి ఒకతను మోటారు సైకిల్ మీద ఏటిలోకి వచ్చేశాడు. బసవన్న అల్లుడిది ఎగువన ఊరు. అక్కడి నుంచి ఫోను వచ్చిందట. రాత్రి పైన గట్టి వాన. ఏరు వాళ్ల ఊరు దాటింది.

"ఎంతసేపప్పా మనకు?"

"ఇసుక తాగుతూ రావాల. మూడు గంటలో, నాలుగో."

తవ్వకంలో ఉన్న ధనుంజయ తల ఎత్తి, "అందరూ పైకి వచ్చేయండి," అన్నాడు. ఎవరూ రాలేదు. ఈరన్న నల్లమన్ను గంప నెత్తికెత్తుకుని కిందికి దిగాడు. అతని వెనక బేవినాళు ఆడవాళ్లు, మా ఆడవాళ్లు. దిమ్మిసలు సరిపోలేదు. బంకమన్ను తొక్కాల్సిందే. గట్టు పొడవునా మనుషులు చేతులు పట్టుకుని వరసగా నిలబడి తొక్కడం మొదలుపెట్టారు. ఒక అడుగు ముందుకు, ఒకటి వెనక్కి. ఎవరో పదం ఎత్తుకున్నారు, కన్నడమో తెలుగో గుర్తులేదు. నా ముందు ఈరన్న మూడు వేళ్ల చెయ్యి బసవన్న చేతిలో ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. కిందికి చూస్తూ తొక్కుతున్నారు.

నేను మిద్దెకు చేసినట్టే వేలితో గుచ్చి చూసుకుంటూ వెళ్లాను. మెత్తగా ఉన్నచోట, "ఈడ," అనేవాణ్ణి. అందరూ అక్కడికి జరిగేవాళ్లు. ఆఖరి గజం గోడ తల దాకా లేచేసరికి పొద్దు పడమటికి వాలింది. పక్కనున్న ఇసుక నెట్టి కప్పాం. కప్పుతుండగానే ఒడ్డున పిల్లలు అరిచారు.

ఏరు వస్తోంది.

మూడేళ్ల ఎడం తర్వాత వచ్చే ఏటి తల ఎలా ఉంటుందో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. గోడలా దూకి రాదు. ఎర్రటి నాలుకలా వస్తుంది. మనిషి నడిచినంత నెమ్మదిగా. ముందర నురగ, ఎండుటాకులు, చీమలు, గొంగళ్లు, గడ్డిపోచలు. ఇసుక దాన్ని తాగుతుంది. తాగే చప్పుడు వినబడుతుంది, సుర్రుమని, లక్ష నోళ్లు ఒక్కసారి తాగినట్టు. ఇసుకలోంచి గాలి బుడగలై పైకి వస్తుంది. ఆగినట్టు ఉంటుంది. వెనక నుంచి ఇంకొకటి వచ్చి దాని మీదుగా ముందుకు సాగుతుంది. తడి ఇసుక వాసన మొహానికి కొట్టింది. ఆ వాసనకు నా పక్కన మహాదేవి ఏడ్చింది.

మా వైపు ఒక ఆచారం ఉంది. ఏరు వస్తే పారిపోకూడదు, ఎదురు పోవాలి. పసుపు కుంకుమ ఇచ్చి, దాని ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ ఊరి పొలిమేర దాటించాలి. రెండు ఊళ్ల ఆడవాళ్లూ ఏటి తలకు ఎదురు వెళ్లి వంగి మొక్కి, దాని ముందు నడవసాగారు. వెనక మొగవాళ్లం. ఎవరి సగం ఎక్కడని చెప్పడానికి రాయి లేదు. నీళ్లు పాదాలకు తగులుతుంటే అడుగు వెనక్కి వేస్తూ వచ్చాం.

గుండ్లమెడ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒడ్డెక్కారు. నేను గోడ మీద, మా సగంలో, ఆఖరున తొక్కిన చోట నిలబడ్డాను. పాదాల కింద ఇసుక, దాని కింద నా చెయ్యి పడిన నల్లమన్ను. నీళ్లు వచ్చాయి. చీలమండలు దాటాయి. ఏదైనా కదులుతుందా అని కాళ్లతో వింటున్నాను.

"ఒరే రంగా! రారా పైకి!" గిడ్డమ్మత్త అరుస్తోంది.

"వాడు మిద్దె కారతాదేమో సూస్తాండాడు," అన్నాడు ఈరన్న. రెండు ఊళ్లూ నవ్వాయి.

నీళ్లు నా మీదుగా దిగువకు సాగిపోయాయి, అక్కడ గోడ ఉందని తెలియనట్టే. మోకాళ్లకు వచ్చాక బసవన్న దిగి వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయాడు.

ఆ ఏడు పదకొండు రోజులు పారింది. మళ్లీ ఎండిపోయింది. మళ్లీ ఇసుకే.

సంక్రాంతి దాటి, శివరాత్రి దాటి, ఎండలు ముదిరాక ఒక పొద్దున గిడ్డమ్మత్త పిలిచింది. ఏటికి వెళ్లాం. మహాదేవి వచ్చింది. ఎందుకో బసవన్న కూడా అటు నుంచి వచ్చాడు, ఈరన్న అప్పటికే అక్కడ ఉన్నాడు. అత్త ముందు గోడకు కింద, తన పాత చెలమ దగ్గర కూర్చుని తవ్వమంది. నేను తవ్వాను. మోచేయి లోతు. పొడి. నడుము లోతు. పొడి. ఛాతీ లోతుకు పిడికిట్లో ఇసుక తీసి ఆమెకు అందించాను. ఆమె వేళ్ల సందుల్లోంచి వదిలింది. గాలికి పొడిగా ఎగిరిపోయింది.

ముప్పై ఏళ్లు ఆమెకు నీళ్లిచ్చిన చెలమ. ఎండిపోయింది. ఆమె బోసినోటితో నవ్వింది. మేమందరం ఆ ఎండిన గుంత చుట్టూ నిలబడి పిచ్చివాళ్లలా నవ్వాం.

తర్వాత గోడ దాటి ఎగువకు నడిచింది. యాభై అడుగులు. అక్కడ పార అడగలేదు. కూర్చుని రెండు చేతులతో ఇసుక పక్కకు తోసింది. మోచెయ్యి కూడా మునగలేదు. అడుగున చెమ్మ మెరిసింది. మెరిసిన చోట నీళ్లు లేచాయి. ఇసుక రేణువులు కాసేపు తిరిగి, కిందికి దిగి, నీళ్లు తేటపడ్డాయి. మా కాళ్ల కింద, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా, కనుచూపు మేర తెల్లగా ఎండుతున్న ఆ ఇసుక అంతా నీళ్లేనని అప్పుడు ఒంటికి తెలిసింది. అడుగు ఎత్తి పెట్టడానికి భయమేసింది.

గిడ్డమ్మత్త దోసిట్లో తీసుకుని తాగింది. కళ్లు మూసుకుంది. నాలుక మీద నిలిపి చూసింది. నేను ఆమె గొంతు వైపే చూస్తున్నాను.

కళ్లు తెరిచింది. దోసిట్లో మిగిలిన నీళ్లు పారబోయకుండా, నా వైపు చాపింది.

"పసిబిడ్డలకు పొయ్యొచ్చు," అంది.